మార్చి 31 లోగా

తెలుగు భాష మీద, తెలుగువారి కళల మీద వచ్చిన పుస్తకాలు మా ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఆవేదన ఎక్కువ, ఆరా తక్కువ. ఈ పుస్తకంలో ఆవేదన వెతికితే గానీ దొరకదు. ఓచర్లున్నాయి, మంజూరు ఉత్తర్వులున్నాయి, రెండో వాయిదా రాక అప్పులపాలైన సంఘాలున్నాయి, మార్చి నెలాఖరున ఆదరాబాదరాగా కట్టిన వేదికలున్నాయి. కళకు, వారసత్వానికి, భాషకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఖజానాలో బయలుదేరి ఎక్కడెక్కడ ఆగి, చివరికి ఎవరి చేతిలో ఏ రూపంలో పడుతుందో చెప్పడమే దీని పని. తెలుగులో ఈ పని చేసిన పుస్తకం ఇంతకుముందు నా కంటపడలేదు.

రాసిన అమ్మాయి చార్టర్డ్ అకౌంటెంటు. కోచింగ్ కోసం మా లక్ష్మీనగర్ వచ్చింది. మెట్రో మెట్లు దిగిన దగ్గర్నుంచి వికాస్ మార్గ్ పొడవునా ర్యాంకర్ల ఫొటోలు, సీఏ గురువుల నవ్వు ముఖాలు తప్ప గోడ కనిపించని పేట ఇది. గుంటూరు, విజయవాడల్లో ఆ చదువుకు అంత పేరుండగా ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా అని అడిగితే, "అక్కడైతే మా నాన్న వారానికోసారి వచ్చి చూసిపోతాడు తాతగారూ" అంది. చదువైపోయింది, ఆర్టికల్‌షిప్ ఇక్కడే చేసింది, ఇక్కడే ఉండిపోయింది. ఆర్టికల్‌షిప్‌లో ఆమెకు అప్పజెప్పిన ఖాతాల్లో కొన్ని సాంస్కృతిక సంఘాలవి. ఎవరికీ అక్కర్లేని ఖాతాలు, ఫీజు కూడా సరిగా రానివి, అందుకే కుర్రవాళ్లకు పడేస్తారు. వాటిలో ఆమెకు పుస్తకం దొరికింది.

నన్ను ముందుమాట అడగడానికి కారణం వయసొక్కటే కాదు. యమున దాటి మండీ హౌస్ వైపు ఉద్యోగానికి వెళ్లొచ్చిన రోజుల్లో గ్రాంట్ల ఫైళ్లను బల్లకు ఇవతలి వైపునుంచి చూసినవాణ్ణి నేను. రవీంద్ర భవన్‌లో మూడు జాతీయ అకాడమీలూ ఒకే కప్పు కింద ఉంటాయి. ఆ చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర నిలబడితే దేశంలోని ప్రతి భాషలోనూ "మా ఫైలు ఎక్కడుంది సార్" అన్న మాట వినవచ్చు. ఆ మాటకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడంలో మాకు మంచి తర్ఫీదు ఉండేది.

ఎంత డబ్బు ఇచ్చారన్నది పత్రికలు అడుగుతాయి. ఏ రూపంలో ఇచ్చారని అడిగింది ఈ అమ్మాయి. ఆ రూపాన్ని బట్టి కళ తన ఆకారం మార్చుకుంటుందని ఆమె వాదన. నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

కేంద్ర సాంస్కృతిక శాఖ కార్యక్రమాలకు ఇచ్చే గ్రాంటునే తీసుకోండి. మామూలుగా గరిష్ఠం 5 లక్షలు. సంఘం రిజిస్టరై మూడేళ్లు నిండాలి, స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్‌లో నంబరుండాలి. మంజూరైన దానిలో ముప్పావు వంతు ముందు వస్తుంది. మిగతా పావు, లెక్కలు చూపి వినియోగ ధ్రువపత్రం ఇచ్చాక. యూసీ అని అందరూ ముద్దుగా పిలిచే ఆ కాగితానికి జీఎఫ్ఆర్ 12-ఎ అనే నమూనా ఉంది. ఇవన్నీ అవసరమైన కట్టుబాట్లే, ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి కదా. కానీ ఏ ఖర్చుకు బిల్లు వస్తుంది? హాలు అద్దెకు వస్తుంది. మైకుకు, లైట్లకు, ఫ్లెక్సీకి, శాలువాలకు, మెమెంటోలకు, భోజనాలకు వస్తుంది. రాత్రిపూట అరుగు మీద కూర్చోబెట్టి దరువు నేర్పే గురువుకు జీఎస్టీ నంబరుండదు, రబ్బరు స్టాంపుండదు. అందుకని బిల్లు వచ్చే పనులే పెరుగుతాయి. ఇరవై ఏళ్లలో మన సంఘాల కార్యక్రమాలన్నీ సన్మాన సభలుగా ఎందుకు మారిపోయాయో నాకు ఈ పుస్తకం మూడో అధ్యాయం చదివాక గానీ బోధపడలేదు. మనవాళ్లకు శాలువా పిచ్చి అనుకునేవాణ్ణి. ఆ పిచ్చి ఉంది గానీ దాన్ని పెంచి పోషించింది ఓచరు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదని కాదు. గురుశిష్య పరంపర కింద గురువుకు నెలకు 15,000, శిష్యుడికి వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా ఇచ్చే పథకం ఉంది. రచయిత్రి దాన్ని దాచలేదు, మెచ్చుకుంది కూడా. అయితే ఆ పథకాన్ని అందుకోగలిగే సంస్థకు ఢిల్లీ భాష తెలియాలి. ఢిల్లీ భాష అంటే హిందీ కాదు, దరఖాస్తు. బాగా దరఖాస్తు రాసే చిన్న కళాకారుడు, దరఖాస్తు రాయలేని పెద్ద కళాకారుణ్ణి దాటి పోవడం నేను కళ్లారా చూశాను.

పుస్తకంలో అన్నిటికన్నా బలమైనది కూచిపూడి అధ్యాయం. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా 1678లో ఆ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. అందరూ దాన్ని నవాబుగారి రసజ్ఞత కింద చెప్పుకుంటారు. ఈమె ఆడిటరు కళ్లతో చదివింది. ఆయన ఇచ్చింది నగదు కాదు, నేల. నేల ఏటా పండుతుంది. ఈ ఏడాది ఆటలు తక్కువైనా వచ్చే ఏటికి ఊరు అక్కడే ఉంటుంది, పిల్లలు పుట్టిన ఇంట్లోనే అడుగులు నేర్చుకుంటారు. ఖర్చు కాని సొమ్ము మార్చి 31న మురిగిపోయే భయం లేదు. ఇంతవరకు బాగుంది. కానీ ఆ నేలకు ఇంటిపేర్లున్నాయి. ఆ ఇంటిపేర్లు లేనివాళ్లకు, ఆ ఇళ్లలోనే పుట్టిన ఆడపిల్లలకు గజ్జె కట్టే చోటు లేకపోయింది. రచయిత్రి ఈ రెండో సంగతిని కాస్త త్వరగా దాటేసింది. నేను ఆగమంటాను. ఎందుకంటే దేవాలయ మాన్యాల మీద బతికిన కళావంతుల ఆట మరోవైపు ఉంది. సంస్కరణల పేరుతో వచ్చిన చట్టాలు వాళ్లను ఆలయం నుంచి తప్పించాయి. వాళ్ల ఆటను కాపాడే పద్దు మాత్రం ఏ బడ్జెట్‌లోనూ రాలేదు. చాలా ఏళ్ల తర్వాత నర్తకి స్వప్నసుందరి ఆ వృద్ధ కళాకారిణుల దగ్గర కూర్చొని నేర్చుకొని, విలాసినీ నాట్యం పేరుతో మళ్లీ వేదిక ఎక్కించారు. ఒక మనిషి పూనికతో జరిగిన పని అది.

ఇక 1958. సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నాట్య సదస్సు పెట్టింది. విస్సా అప్పారావు కూచిపూడి గురించి ప్రసంగ పత్రం సమర్పించారు, కాంచనమాల నాట్యం చేసి చూపించారు. ఇది వేరే శాస్త్రీయ నృత్యం కాదు, భరతనాట్యానికి దగ్గరి చుట్టమే అన్నట్టు పెద్దలు పెదవి విరిచారు. ఢిల్లీలో జరిగిన ఆ అవమానానికి జవాబుగా మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో తన సదస్సు తాను పెట్టుకుంది. బందా కనకలింగేశ్వరరావు లాంటివారు కూచిపూడి ఊళ్లో సిద్ధేంద్ర కళాక్షేత్రాన్ని నిలబెట్టారు, తర్వాత అది తెలుగు విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. 1961లో కూచిపూడి నర్తకుడు వేదాంతం సత్యనారాయణ శర్మకు కేంద్ర అకాడమీ అవార్డు రావడంతో తగవు దాదాపు తీరిపోయింది.

దీన్ని తెలుగువారి ఆత్మగౌరవ గాథగా నేను కొన్ని సభల్లో విన్నాను. ఈ పుస్తకం ఇంకో ప్రశ్న వేస్తుంది: శాస్త్రీయం అన్న ముద్ర కోసం అంత పట్టు ఎందుకు? ముద్రను బట్టే పద్దు మారుతుంది కనుక. అటువైపు పడితే స్కాలర్‌షిప్పులు, విదేశీ పర్యటనలు, కళాశాలల్లో ఉద్యోగాలు. ఇటువైపు జానపదం అని రాస్తే గణతంత్ర దినోత్సవ కవాతులో పది నిమిషాలు, బస్సు ఛార్జీలు, దినబత్తెం. చిందు యక్షగానం, తోలుబొమ్మలాట, తూర్పు భాగవతం ఇటు పడ్డాయి. వాటి తాళాల్లో లెక్క తక్కువేమీ కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది, సంతోషమే. పద్మశ్రీ వెంట నెలసరి సొమ్మేమీ రాదన్న సంగతి చాలామందికి తెలియదు.

దర్శనం మొగిలయ్య సంగతి తెలిసిందే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆ పెద్దాయన 2022లో పద్మశ్రీ అందుకోవడానికి ఢిల్లీ వచ్చారు. 2024లో హైదరాబాదు శివార్లలో కూలి పని చేస్తూ కనిపించారు. ప్రభుత్వం నెలనెలా ఇస్తున్న 10,000 గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. పత్రికల్లో రాగానే కదలిక వచ్చింది. ఈ ఉదంతం మీద రచయిత్రి రాసింది ఒకటిన్నర పేజీయే, అందులో ఒక్క విశేషణం లేదు. ఆ సొమ్ము హక్కుగా వచ్చిందా, దయగా వచ్చిందా అని మాత్రం అడిగింది. హక్కైతే ఆగడానికి ఒక ఉత్తర్వు కావాలి, దయైతే మరచిపోతే చాలు.

అదే ఢిల్లీలో ఇంకో రకం సొమ్ము చేసిన పని కూడా ఉంది. 1960లలో కూచిపూడి నర్తకులు రాజారెడ్డి, రాధారెడ్డి ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో కొరియోగ్రఫీ నేర్చుకోవడానికి ఈ నగరానికి వచ్చారు, మాయారావు దగ్గర చదువుకున్నారు, ఇక్కడే ఉండిపోయారు, 1976లో నాట్య తరంగిణి పెట్టారు. తెలుగు రాని పంజాబీ పిల్లలు, బెంగాలీ పిల్లలు భామాకలాపం అభినయించడం ఆ బడి నుంచే నేను చూశాను. ప్రదర్శనకు కాకుండా నేర్చుకోవడానికి ఇచ్చిన చిన్న మొత్తం అది. ఎన్ని ఉత్సవాల ఖర్చు పెడితే ఆ ఫలితం వస్తుందో లెక్క కట్టగలవారు కట్టవచ్చు.

రాష్ట్రంలో అకాడమీల చరిత్ర ఢిల్లీ కంటే గజిబిజి. సాహిత్య అకాడమీ 1957లో పుట్టింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం అకాడమీలన్నిటినీ రద్దు చేసింది, 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం వెలసింది. అకాడమీల్లో ముఠాలున్నాయన్నది అబద్ధమేమీ కాదు. అయితే అకాడమీకి పుస్తకం వేయడం పని, విశ్వవిద్యాలయానికి జీతాలివ్వడం మొదటి పని. బడ్జెట్ కురచైనప్పుడు ముందు కోత పడేది పుస్తకానికే. ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకుంది. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్రకే వచ్చింది గనుక పేరుకు వంక పెట్టను.

ప్రాచీన హోదా గురించి రాసిన పేజీలు కొందరికి కోపం తెప్పిస్తాయి. తమిళానికి 2004లో, సంస్కృతానికి 2005లో, తెలుగు కన్నడాలకు 2008లో హోదా వచ్చింది. మనవాళ్లు మిఠాయిలు పంచుకున్నారు. మద్రాసు హైకోర్టులో దాని మీద వ్యాజ్యం 2016లో గానీ తేలలేదు. పార్లమెంటులో చెప్పిన లెక్కల ప్రకారం 2017-18 నుంచి మూడేళ్లలో సంస్కృతానికి 643.84 కోట్లు, తమిళానికి 22.94 కోట్లు, తెలుగుకు 3.06 కోట్లు. అంటే ఏడాదికి కోటి. చూసిన వెంటనే వివక్ష అనిపిస్తుంది. రచయిత్రి కోటి రూపాయల వెనక్కి వెళ్లింది. తమిళానికి చెన్నైలో సొంత స్వయంప్రతిపత్తి సంస్థ ఉంది. సంస్కృతానికి విశ్వవిద్యాలయాలే ఉన్నాయి. తెలుగు కేంద్రం చాలాకాలం మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థలో ఒక మూల గదిలాగా ఉండి, 2020లో నెల్లూరు దగ్గర వెంకటాచలానికి వచ్చింది. సొమ్ము సంస్థ వెంట వెళుతుంది, హోదా వెంట వెళ్లదు. హోదా కోసం మనం ఊరేగింపులు తీశాం. సంస్థ కోసం రెండు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వమూ ఢిల్లీలో పట్టుబట్టి కూర్చోలేదు. నా బల్ల దగ్గరికి తమిళ అధికారులు ఎన్నిసార్లు వచ్చేవారో, మనవాళ్లు ఎన్నిసార్లు వచ్చేవారో నాకు గుర్తుంది. పోల్చి చెప్పి మనవాళ్లను చిన్నబుచ్చడం ఇష్టంలేక ఆగుతున్నాను.

రాష్ట్ర విభజన తర్వాతి కథ మరీ చేదు. తెలుగు విశ్వవిద్యాలయం, తెలుగు అకాడమీ విభజన చట్టం పదో షెడ్యూలులో చేరి, అన్నదమ్ముల పెరటి గోడలాగా ఏళ్ల తరబడి తగవులో నలిగాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ తన అకాడమీ పేరులో సంస్కృతాన్ని చేర్చుకుంది. అదే ఏడు హైదరాబాదు తెలుగు అకాడమీ ఫిక్స్‌డ్ డిపాజిట్ల నుంచి 60 కోట్లకు పైగా సొమ్మును మోసగాళ్లు కాజేశారని తేలింది. దొంగల గురించి పోలీసులు చూసుకుంటారు. పాఠ్యపుస్తకాలు అచ్చువేసే సంస్థ దగ్గర అంత సొమ్ము డిపాజిట్లలో ఎందుకు కూర్చుంది, పుస్తకాలెందుకు కాలేదు అని అడిగింది మన ఆడిటరు. ఈ ఒక్క ప్రశ్న కోసం పుస్తకం కొనవచ్చు.

ఇక్కడ ఆమె ఐర్లండుకు వెళ్లింది. మొదట నాకు విసుగొచ్చింది, ఎక్కడి ఐర్లండు అని. చదివాక అర్థమైంది. ఒకే భాష, రెండు ప్రభుత్వాలు. దక్షిణాన ఐర్లండు రిపబ్లిక్, ఉత్తరాన బ్రిటన్ కింది ప్రాంతం, మధ్యలో దశాబ్దాల నెత్తురు. అయినా 1998 శాంతి ఒప్పందం తర్వాత, 1999 డిసెంబరు 2న, ఐరిష్ భాష కోసం ఇద్దరూ కలిసి సొమ్ము పెట్టే ఉమ్మడి సంస్థను ప్రారంభించారు. ఫొరస్ నా గేల్గె దాని పేరు. తేదీ మన తెలుగు విశ్వవిద్యాలయానిదే. తుపాకులు పట్టినవాళ్లు భాష కోసం ఒక ఖాతా తెరవగలిగారు. మనం ఆస్తుల జాబితా మీద సంతకాలు పెట్టుకోలేకపోయాం.

అయితే ఆమె అక్కడే ఆగకుండా రెండో వైపు కూడా చూపింది. వందేళ్లుగా ఐరిష్ ప్రభుత్వం బడుల్లో ఆ భాషను తప్పనిసరి చేసింది, టీవీ ఛానల్ పెట్టింది, ఆ భాష మాట్లాడే పల్లెలకు వేరే సాయం చేసింది. 2022 జనగణనలో ఐరిష్ వచ్చునన్నవాళ్లు 18 లక్షల పైచిలుకు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 72 వేల లోపు. మన తెలుగువారు 2011 లెక్కల్లోనే 8.11 కోట్లు, మనకేం భయం అనుకుంటాం. హైదరాబాదులో కూర్చుంటే అలాగే ఉంటుంది. లక్ష్మీనగర్‌లో, పట్పర్‌గంజ్ సొసైటీల్లో, మయూర్ విహార్‌లో మన ఇళ్లకు వచ్చి చూడండి. పండక్కి పులిహోర ఉంటుంది, గోడకు వెంకటేశ్వరస్వామి ఉంటాడు, పిల్లలు అమ్మమ్మతో ఫోనులో హిందీ కలిపి నాలుగు ముక్కలు మాట్లాడి తల్లికి ఇచ్చేస్తారు. ఢిల్లీ తెలుగువాడికి హైదరాబాదు కంటే డబ్లిన్ దగ్గర.

అందుకే ఢిల్లీ బడుల అధ్యాయాన్ని ఇక్కడి తల్లిదండ్రులంతా చదవాలని నా కోరిక. దుర్గాబాయి 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి, గుమాస్తాల పిల్లలకు తెలుగు బడి గురించి ఆలోచించారు. ఇలాంటి ఎయిడెడ్ బడులకు ఢిల్లీ ప్రభుత్వం జీతాల్లో 95 శాతం దాకా ఇస్తుంది. ఇందులో ప్రారంభోత్సవం లేదు, ఫ్లెక్సీ లేదు, మంత్రిగారు లేరు. ఒకటో తారీఖున ఒక తెలుగు పంతులమ్మ ఖాతాలో జీతం పడుతుంది, అంతే. ఆ పంతులమ్మ ఉన్నంతకాలం కొన్ని వందలమంది ఒత్తులు దిద్దుతారు. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానాల చేయూతతో వచ్చిన శ్రీ వెంకటేశ్వర కళాశాల కూడా అలాంటి ఏర్పాటే. కళ్లకు కనబడని ఇలాంటి సొమ్మే ఈ నగరంలో తెలుగును ఇన్నాళ్లు నిలబెట్టిందని రచయిత్రి లెక్కలతో చూపింది. ఖాళీ అయిన పోస్టులు నింపకపోవడం ఏ అకాడమీ రద్దుకన్నా చిన్న వార్త కాదని కూడా అంది. 2021లో ఢిల్లీ ప్రభుత్వం తమిళ అకాడమీ పెట్టినప్పుడు మన సంఘాలు తెలుగు అకాడమీ కావాలని వినతిపత్రాలు పట్టుకు తిరిగాయి. వద్దనను. దానికి ముందు ఏ బడిలో తెలుగు పోస్టు ఎన్నేళ్లుగా ఖాళీగా ఉందో ఒక కాగితం మీద రాసుకు వెళ్లి ఉంటే బాగుండేది.

ఆమెతో నాకు పేచీ ఉన్నది చివరి అధ్యాయంలో. ఐర్లండు 2022లో రెండు వేలమంది కళాకారులను లాటరీ తీసి ఎంచి, వారానికి 325 యూరోలు, ఏం చేశారని అడగకుండా ఇచ్చింది. మన దగ్గరా అలా ఇవ్వాలంటుంది. నాకు గొంతు దిగదు. అక్కడ జాబితాలోకి ఎవరు రావాలో తేల్చే వ్యవస్థ మీద జనానికి కాస్త నమ్మకముంది. ఇక్కడ కళాకారుల గుర్తింపు కార్డు ఎవరికి వస్తుందో ఊరి రాజకీయం తేలుస్తుంది. లాటరీ డబ్బాలో చీటీలు వేసే చెయ్యి ఎవరిది? "మీరు బల్ల ఇవతల కూర్చున్న మనిషి కాబట్టి అలా అంటారు తాతగారూ" అంది. కావచ్చు. నా మాట మాత్రం ఇది: ముందు నేర్పేవాళ్లకు జీతం, తర్వాత వృద్ధులకు హక్కుగా పింఛను, ఆ రెండూ సరిగా అందుతున్నాయని తేలాక లాటరీ సంగతి. పాఠకులు ఇద్దరి మాటా విని తమకు తోచింది తేల్చుకోవచ్చు.

ఇంకో లోటుంది. దేవస్థానాల సొమ్ము సంగతి ఈ పుస్తకంలో కళాశాల దగ్గర ఒక్కసారి తొంగిచూసి మాయమైంది. రాగిరేకుల మీది అన్నమయ్య సంకీర్తనలను వెలికితీసి అచ్చువేయించినదీ, 1978 నుంచి అన్నమాచార్య ప్రాజెక్టు నడుపుతున్నదీ తిరుపతే. తెలుగు సంగీతానికి ప్రభుత్వాల కంటే పెద్ద పోషకుడు ఆ ఏడుకొండలవాడే అన్నా తప్పులేదు. అది ప్రభుత్వ సొమ్మా, భక్తుల సొమ్మా, దానికి ఎవరు ఎవరికి లెక్క చెప్పాలి అన్నది ఇలాంటి రచయిత్రి తప్ప వేరొకరు విడమరచలేరు. రెండో ముద్రణలో ఆ అధ్యాయం ఉండాలని అడిగాను. "బ్యాలెన్స్ షీట్లు ఇప్పించండి, రాస్తాను" అంది. తిరుపతిలో నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురికి ఉత్తరాలు రాశాను. జవాబులు ఇంకా రావాలి.

లక్ష్మీనగర్, ఢిల్లీ